గురుగ్రామ్‌కు పోవలసిన సామాను కాశిబుగ్గలో దిగింది

ముంబై నుంచి గురుగ్రామ్‌కు ఇల్లు మారే మనిషికి వరంగల్ దారిలో తగలదు. పటాన్ని ఎటు తిప్పి చూసినా తగలదు. అయినా నేను ఆ దారినే వెళ్ళాను, ఎందుకంటే నాకంటే ముందు నా సామాను వెళ్ళిపోయింది. ఒక గురువారం మధ్యాహ్నం ఫోన్‌కు సందేశం వచ్చింది: మీ సామాను క్షేమంగా అందజేశాము, మమ్మల్ని ఎంచుకున్నందుకు ధన్యవాదాలు. గురుగ్రామ్‌లో అద్దెకు తీసుకున్న ఫ్లాటు తాళంచెవి నా సంచిలోనే ఉంది. మరి ఎవరికి అందజేశారు? సందేశంతోపాటు వచ్చిన రసీదు ఫొటోను పెద్దది చేసి చూస్తే, అడుగున తెలుగులో గుండ్రంగా సంతకం ఉంది. సరోజన. వరంగల్ కాశిబుగ్గలో మా ఇంట్లో ఉండే మా వదిన.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ముంబైలో ఏడేళ్ళు ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో పనిచేశాను. బ్యాంకు అనగానే డబ్బు కట్టే కౌంటరు గుర్తొస్తుంది, అది కాదు. ఎవరైనా తమ కంపెనీని అమ్ముకోవాలంటే దాన్ని కాస్త ముస్తాబు చేసి, కొనేవాళ్ళకు చూపించి, బేరం కుదిర్చే పని. ఇప్పుడు చేరబోయేది గురుగ్రామ్‌లో ఒక ప్రైవేట్ ఈక్విటీ సంస్థ. అక్కడ మనమే కంపెనీలో వాటా కొని, నాలుగైదేళ్ళు దగ్గరుండి నడిపించి, తర్వాత అమ్ముతాం. మా రంగంలో అందరూ కోరుకునే మార్పు ఇది. ఉద్యోగం ఖాయమైన రోజు నేనూ ఎగిరి గంతేశాను. మర్నాటి నుంచి ఏమీ అనిపించడం మానేసింది. సంతోషమేనా అని అడిగినవాళ్ళందరికీ సంతోషమేనని చెప్పాను, కానీ ఆ మాట ఎవరో నాచేత చెప్పిస్తున్నట్టు ఉండేది.

ఇక పొరపాటు గురించి. మా వృత్తిలో ఒక పాత జబ్బు ఉంది, ఏ కాగితాన్నీ కొత్తగా మొదలుపెట్టం. పోయినసారి చేసినదాన్ని తెరిచి, పేర్లు మార్చి, అంకెలు మార్చి పంపేస్తాం. ఒక్కోసారి ఎక్కడో ముప్పై రెండో పేజీలో పాత కంపెనీ పేరు అలాగే ఉండిపోతుంది, కొత్త కంపెనీవాళ్ళు దాన్నే ముందు చూస్తారు, మనం తిట్లు తింటాం. సామాను తరలించే ఫారాన్ని కూడా నేను అలాగే నింపాను. నా కంప్యూటర్లో పాత ఫారం ఒకటి ఉంటే తేదీ మార్చాను, పెట్టెల సంఖ్య మార్చాను, ఫోన్ నంబరు మార్చాను. దిగవలసిన చిరునామా మార్చలేదు. ఊళ్ళోవాళ్ళ కంపెనీల కాగితాల్లో ఒక్క కామా తప్పిపోతే పట్టుకునే మనిషిని, నా ఇంటి చిరునామా తప్పిపోతే పట్టుకోలేకపోయాను.

అన్నకు ఫోన్ చేస్తే మల్లేశం అన్న ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "దిగినయ్ చెల్లె, మంచిగ దిగినయ్. నువ్వేం ఫికర్ చెయ్యకు. ముందుగాల ఇంటికి రా" అన్నాడు. ఆ గొంతులో ఏదో జాలి ఉంది. దేనికి జాలిపడుతున్నాడో నాకు అర్థం కాలేదు. కొత్త ఉద్యోగంలో మంగళవారం చేరాలి. శనివారం, ఆదివారం చేతిలో ఉన్నాయి.

శనివారం పొద్దున ఆరింటి విమానం ఎక్కితే ఏడున్నరకు శంషాబాద్. ఆఖరి నిమిషంలో కొన్నందుకు టికెట్ ఆరు వేల పైచిలుకు పడింది, మీరు ముందుగా కొంటే అందులో సగానికి దొరుకుతుంది. విమానాశ్రయం నుంచి ఉప్పల్‌కు బస్సులో గంటకు పైగా పట్టింది. వరంగల్ పోవడానికి సికింద్రాబాద్ నుంచి రైళ్ళు చాలానే ఉన్నాయి గానీ, శంషాబాద్‌లో దిగినవాళ్ళకు ఉప్పల్ చౌరస్తాలో బస్సు పట్టుకోవడమే తేలిక, పది పదిహేను నిమిషాలకు ఒకటి దొరుకుతుంది. నేను ఎక్కింది ఎక్స్‌ప్రెస్. తెలంగాణ చిరునామాతో ఆధార్ కార్డు ఉన్న ఆడవాళ్ళకు ఇందులో టికెట్ లేదు. కండక్టరమ్మ నా కార్డు తిప్పి చూసి, "కాశిబుగ్గనా? ఇంటికి పోతాన్నవా?" అంది. అవునని తలూపాను. ఏ చిరునామా వల్ల ఇన్ని తిప్పలు వచ్చాయో అదే నన్ను ఊరికే తీసుకుపోతోంది.

పదింటికి భువనగిరి దాటుతుండగా తత్కాల్ తెరిచారు. ఆదివారం మధ్యాహ్నం మూడు దాటాక వరంగల్ నుంచి ఢిల్లీ పోయే రైల్లో థర్డ్ ఏసీ బెర్తు దొరికింది, రెండున్నర వేలు దాటింది. సోమవారం సాయంత్రానికి ఢిల్లీ చేరుస్తుంది. మళ్ళీ శంషాబాద్ దాకా వెనక్కి పోయి విమానం ఎక్కడం కంటే ఇదే నయమనిపించింది. జనగామలో బస్సు ఆగినప్పుడు పదిహేను రూపాయల చాయ్ తాగుతూ ఒక పట్టిక వేసుకున్నాను. ఇంటికి వెళ్ళాలి, తప్పు జరిగిందని చెప్పాలి, లారీ మాట్లాడాలి, ఎక్కించాలి, రైలెక్కాలి. అయిదు పనులే కదా అనుకున్నాను. రెండోదాని దగ్గరే బండి ఆగిపోతుందని అప్పుడు తెలియదు.

పన్నెండున్నరకు వరంగల్ స్టేషన్ ముందు దిగి ఆటో మాట్లాడాను, ఎనభై రూపాయలు. యాభై ఏళ్ళ మనిషి, మాటకారి.

"కాశిబుగ్గల యాడ దించాలె అక్కా?"

మగ్గాల సొసైటీ వెనక గల్లీ అని చెప్పాను.

"ఓ, లారి ఇరికిన గల్లీనా? మొన్న గాడ బొంబాయి లారి ఇరికిందక్కా, మూడు గంటలు ఎవ్వలు కదల్లే. గా ఇంటి ఆడిబిడ్డ బొంబాయిల పెద్ద నౌకరి చేస్తదట. ఉద్యోగం తీసేసిన్రట పాపం, సామాను మొత్తం తెచ్చి దింపిన్రు."

"తీసేశారని ఎవరు చెప్పారు?"

"ఎవలంటే, అందరు అంటాన్రు. గంత పెద్ద మంచమున్నది అక్కా, గల్లీల మలుపుతాంటే గోడలకు తాకింది. మంచం సుత వచ్చిందంటే ఇగ మల్ల పోయేదుందా?"

నా గురించి నాకంటే ఎక్కువ తెలిసిన మనిషి దొరికాడు. ఇంకా ఏమేం తెలుసో కనుక్కుందామని ఊరుకున్నాను. పెళ్ళి కుదిరి తప్పిపోయిందని ఒక మాట, ఒంట్లో బాగుండటం లేదని మరో మాట కూడా గల్లీలో నడుస్తున్నాయట. దిగేటప్పుడు నా ముఖం, ఇంటి గుమ్మం మార్చి మార్చి చూశాడు. ఎనభైకి బదులు అరవై చాలన్నాడు. ఎంత చెప్పినా వినలేదు.

మా ఇంటి ముందుగది మగ్గాల గది. ఎడమవైపు అన్నావదినలు పక్కపక్కన కూచుని జంపఖానాలు నేసే వెడల్పాటి మగ్గం, కుడివైపు వదిన ఒక్కతే తువ్వాళ్ళు నేసుకునే చిన్న గుంట మగ్గం. జంపఖానా ఇంటిది, తువ్వాలు వదినది. పెళ్ళయి వచ్చిన రెండో ఏడు ఆమె అడిగి మరీ పెట్టించుకున్న మగ్గం అది. గడపలో నిలబడి చూస్తే కుడివైపు మగ్గం లేదు. దాని చోట నా ముప్పై ఎనిమిది పెట్టెలు గోడంత ఎత్తున పేర్చి ఉన్నాయి. ఫ్రిజ్జు, వాషింగ్ మిషను పక్కపక్కన నిలబడి ఉన్నాయి. నేసేటప్పుడు వదిన కాళ్ళు పెట్టుకునే గుంటలో కాఫీ మిషను పెట్టె, దాని మీద నా చెప్పుల పెట్టెలు ఉన్నాయి.

"వదినా, మగ్గమేది?"

"ఇప్పినం" అంది వదిన, చాయ్ గ్లాసు చేతికిస్తూ. "నీకు జాగ గావాలె గదా. తువ్వాళ్ళు ఎవలన్న నేస్తరు."

పళ్ళెంలో బియ్యప్పిండి రొట్టెలు, మా సర్వపిండి పెట్టింది. పొద్దున్నే చేసిందట, నేను వస్తానని. ఎదురింటి పెద్దమ్మ వచ్చి, "నౌకరిదేమున్నది బిడ్డా, ఇయ్యాల పోతే రేపొస్తది, పానం మంచిగుండాలె" అని నా తల నిమిరి పోయింది. అన్న ఎటో చూస్తూ కూచున్నాడు. ఎవ్వరూ నన్ను ఏమీ అడగలేదు. ఇంతమంది ఇంత మర్యాదగా అడగకుండా ఉంటే తప్పు జరిగిందని ఎలా చెప్పాలి? సర్వపిండి కరకరలాడుతోంది, నేను ఒకదాని తర్వాత ఒకటి మూడు తిన్నాను. పెద్ద పెద్ద కంపెనీల యజమానులకు చేదు కబుర్లు చెప్పిన నోరు అది, ఇక్కడ తినడానికి తప్ప తెరుచుకోలేదు.

చివరికి ఎలాగో అనేశాను. "వదినా, నేను రాలే. సామానొక్కటే వచ్చింది."

ఇద్దరూ నా ముఖం చూశారు. ఫారం సంగతి, పాత చిరునామా సంగతి, కొత్త ఉద్యోగం సంగతి చెప్పాను. ఉద్యోగం తీసేయలేదని, నేనే మానేసి ఇంకోచోట చేరుతున్నానని చెప్పాను. వదిన పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెలు తోముతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. మూడు చాయ్ గ్లాసులకు, ఒక పళ్ళేనికి అంతసేపు పట్టదు.

అన్న మాత్రం లెక్క తేల్చుకోనిదే వదలడు. ఏనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మే రైతుల మధ్య పెరిగిన మనిషి, అన్నిటినీ ఆ పత్తి బేరంలో పెట్టి చూస్తాడు.

"ఇన్నొద్దులు నువ్వు చేసింది నాకు సమజైంది. రైతు పత్తి తెస్తడు, అడ్తిదారు దాన్ని ఖరీదుదారుకు చూపెట్టి అమ్మిపెడ్తడు. నువ్వు అడ్తిదారువి."

"అంతే అన్నా."

"ఇప్పుడు ఖరీదుదారువి అయినవ్."

"అవును."

"ఖరీదుదారు పత్తి కొని దారం తీపిస్తడు. నువ్వు కంపెని కొని ఏం చేస్తవ్?"

"మంచిగ నడిచేటట్టు చూస్తం. నాలుగైదేండ్లకు అమ్ముతం."

"మల్ల అమ్ముడేనా? గదానికి ఊరెందుకు మారుడు?"

ఆ సంస్థవాళ్ళు నన్ను అయిదు దఫాలు ఇంటర్వ్యూ చేశారు. కొన్ని ప్రశ్నలకు చెమటలు పట్టాయి కూడా. కానీ ఇంత చిన్న ప్రశ్న ఎవరూ అడగలేదు.

అప్పుడు అన్న అసలు సంగతి చెప్పాడు, వంటింటి వైపు చూసి గొంతు తగ్గించి. తువ్వాళ్ళ కోసం సొసైటీవాళ్ళు వదినకు కొత్త పడుగు, అంటే నేతకు నిలువు పోగుల చుట్ట, ఇచ్చి వారమైంది. శుక్రవారం మగ్గం మీదికి ఎక్కించాలనుకుంది. గురువారం లారీ వచ్చింది, అదే సాయంత్రం మగ్గం ఊడదీసింది. "సోమవారం పొద్దుగాల మగ్గం మీద లేకుంటే పడుగు వాపస్ తీస్కపోయి ఇంకొగలకు ఇస్తరు. నేనంటే వినలే. పిల్ల ఇంటికొచ్చినంక తువ్వాళ్ళు ఎవలిగ్గావాలె అన్నది." నా కంప్యూటర్లో ఒక గడి మార్చనందుకు మా వదిన మగ్గం పోతోంది. గురుగ్రామ్ సంగతి ఆ క్షణంలో పూర్తిగా మర్చిపోయాను. ఆదివారం మధ్యాహ్నంలోగా ఆ మగ్గం లేచి నిలబడాలి, అంతే.

అందుకు ముందు ఆ చోటు ఖాళీ కావాలి. అన్న బండి వెనక కూచుని ములుగు రోడ్డులో లారీల బుకింగ్ ఆఫీసులన్నీ తిరిగాం. సామాను ఒక్కదాని కోసం ఢిల్లీ దాకా ప్రత్యేకంగా లారీ అంటే డెబ్బై వేలకు తక్కువ ఎవరూ చెప్పలేదు. నాలుగో చోట మిర్చి బస్తాలతో ఆదివారం పన్నెండింటికి ఢిల్లీ బయలుదేరే లారీ దొరికింది. వెనక కొంత జాగా ఉంది, పద్దెనిమిది వేలకు ఒప్పుకున్నారు. డ్రైవరుది నర్సంపేట. ఫోన్లో నా సామాను ఫొటోలు చూసి, "మంచం, పరుపు, సోఫా పట్టయి మేడం. పెట్టెలు సుత సగమే పడ్తయ్" అన్నాడు. తర్వాత కాస్త మొహమాటంగా, "పరుపు పట్టినా పెట్టకుండ్రి. మిర్చి ఘాటు పట్టుకుంటే ఆర్నెల్లు తుమ్ముడే" అన్నాడు.

ఇంటికి వచ్చి పెట్టెల ముందు కూచున్నాను. కాగితం మీద మూడు వరుసలు గీసుకున్నాను. పోవాలి, ఉండాలి, తెలియదు. చీకటి పడేవేళకు మూడో వరుస మిగతా రెండింటికంటే పొడుగైంది. పుస్తకాలు పోవాలా? పోయినా చదవను, ఉన్నా ఇక్కడ ఎవరూ చదవరు. చలికోట్లు పోవాలి, అది ఒక్కటే ఖాయం. కాఫీ మిషను గురించి పది నిమిషాలు ఆలోచించానంటే నమ్మండి. అన్న వచ్చి కాగితం చూసి, "తెల్వదు అన్నయన్నీ ఇంట్ల ఉండనీ. తెలిసినంక చెప్పు, పంపుత" అన్నాడు. అలా పోవలసినవి పదిహేడు పెట్టెలు తేలాయి. ఫ్రిజ్జు, వాషింగ్ మిషను కూడా ఉండిపోయాయి. వదిన వాటికి అడ్డం చెబుతుందనుకున్నాను గానీ, ఆమె ఇంకా మాట్లాడటం మొదలుపెట్టలేదు.

ఆదివారం ఆరింటికే లేచి గోడ పక్క పెట్టెలు లోపలి గదిలోకి జరిపాం. అన్న, పక్కింటాయన కలిసి మగ్గం కర్రలు నిలబెట్టారు. నేను గుంటలోని పెట్టెలు తీసి గుంట ఊడ్చాను. అంతలో వదిన నిచ్చెన వేసుకుని అటక ఎక్కి పాత చీరలో చుట్టిన మూట ఒకటి దించింది. విప్పితే అందులో మగ్గం అచ్చు ఉంది. పోగులన్నీ ఒక్కొక్కటిగా దూరే సన్నని దువ్వెనలాంటి చట్రం అది. మగ్గం మొత్తం ఊడదీసినా అందులోంచి పాత పోగులు తీసెయ్యలేదు. తెల్లటి కొసలు మూరెడేసి వదిలి, గుత్తులు గుత్తులుగా ముడేసి ఉంచింది.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. నేత పూర్తయ్యాక గుడ్డ కోసుకున్నా, పాత పోగుల కొసలను నేతగాళ్ళు అచ్చులోనే వదిలేస్తారు. కొత్త పడుగు వచ్చినప్పుడు ఆ కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా అతికి లాగితే పని పూటలో అయిపోతుంది. కొసలు తీసేస్తే మాత్రం వెయ్యికి పైగా పోగులను మళ్ళీ మొదటి నుంచి కన్ను కన్నుకూ దూర్చుకోవాలి, రెండు మూడు రోజులు పోతాయి. ఆదివారం మధ్యాహ్నానికి అయ్యే పని కాదు.

"కొసలు తియ్యలేదా వదినా? నేయనన్నవ్ గదా."

"నేయకుంటేంది? కొస ఉంచకుంట మగ్గం ఎవలు ఇప్పుతరు?" అంది. అది నాతో ఆమె నిన్న మధ్యాహ్నం తర్వాత అన్న మొదటి మాట.

ఇద్దరం ఎదురెదురుగా కూచుని, వేళ్ళకు బూడిద రాసుకుని అతకడం మొదలుపెట్టాం. ఆమె కుడి అంచు నుంచి, నేను ఎడమ అంచు నుంచి. పాతవి తెల్ల పోగులు, కొత్తవి అంచుల్లో నీలం. చిన్నప్పుడు నేర్చిన పని చేతులు మర్చిపోవని అంటారు. నావి శుభ్రంగా మర్చిపోయాయి. ఆమె పది అతికేలోగా నేను ఒకటి అతికి, అది లాగి చూస్తే ఊడివచ్చేది.

"నిజం చెప్పు సంధ్యా" అంది వదిన తల ఎత్తకుండానే. "ఫారంల గీ ఇంటి అడ్రసు ఎట్ల పడ్డది? పాతది చూసి రాసిన అన్నవ్. గా పాతది ఎప్పుడు రాసినవ్?"

చెప్పక తప్పలేదు. మూడేళ్ళ కింద ఒక నెలంతా సరిగ్గా నిద్ర లేదు. ఒకరోజు తెల్లవారుజామున ఆఫీసులో కూచుని, చాలు, ఇంటికి పోతానని అనుకుని ఆ ఫారం నింపాను. ఎక్కించవలసింది ముంబై, దిగవలసింది కాశిబుగ్గ. పంపే ముందు ఒక కునుకు తీశాను. లేచేసరికి కొత్త పని వచ్చింది. ఫారం అలాగే ఉండిపోయింది.

వదిన చేతులు ఆగాయి. "అంటే ఒకపారి రావాలనుకున్నవ్."

"అనుకున్న."

"మరి చెప్పలే."

"మీరు ఒద్దంటరనుకున్న. ఇంత చదివి వాపస్ వచ్చిందని నలుగురు అంటే మీకు కష్టమైతదని."

ఆమె నన్ను తేరిపార చూసింది. "ఒద్దంటమా? గురువారం గా లారి వచ్చి ఆగంగనే నాకు ఏడుపొచ్చింది. భయపడి గాదు. ఇగ ఇంటికొచ్చినవని, సంబరంతోని. నీకు నౌకరి పోయిందనుకుంట సంబరపడ్డ చూడు, నా బుద్ధి పాడుగాను." కళ్ళు చెంగుతో తుడుచుకుంది, ముఖానికి బూడిద అంటింది. నాకు ఏడుపు, నవ్వు రెండూ వచ్చాయి, ముందు ఏది బయటికి వచ్చిందో గుర్తులేదు. ఏడేళ్ళలో నా ఉద్యోగం గురించి ఎవరైనా సంబరపడినందుకు నాకు సంబరమైంది అదే మొదటిసారి, అదీ పోయిందని.

కాసేపటికి అడిగింది. "ఇప్పుడు పోవాలని ఉన్నదా నీకు?"

"తెల్వదు వదినా. ఉండాలని ఉన్నదో లేదో అది సుత తెల్వదు."

"తెల్వకుంటే తెల్వదని చెప్పు, తప్పేం లేదు. గా పోగులు మాత్రం జర చూసి కలుపు, అటుది ఇటు పెట్టినవ్, వరుస తప్పింది." నేను అతికినవాటిలో ఆరు విప్పేసి మళ్ళీ అతికింది.

పదకొండున్నరకు ట్రాలీ ఆటో వచ్చింది. లారీ మళ్ళీ గల్లీలోకి రాకుండా ఈసారి జాగ్రత్తపడ్డాం. ఎనిమిది వందలకు రెండు ట్రిప్పుల్లో పదిహేడు పెట్టెలూ మెయిన్ రోడ్డుకు చేర్చి లారీలో ఎక్కించాం. దిగవలసిన చిరునామా నేను డ్రైవరుకు చదివాను, డ్రైవరు నాకు చదివాడు, అన్న మా ఇద్దరికీ చదివాడు. ఒంటిగంటకు ఆఖరి పోగు పడింది. మొత్తం మీద నేను అతికినవి నూట నలభై ఉంటాయేమో, మిగతావన్నీ వదినవే. అన్న పడుగును మెల్లగా వెనక నుంచి లాగాడు. ముడులన్నీ వరసగా అచ్చులోంచి ఇవతలకు వస్తుంటే ముగ్గురం వంగి చూశాం. తొమ్మిది తెగాయి, తొమ్మిదీ నావే. వదిన వాటిని మళ్ళీ అతికి, గుంటలో కాళ్ళు పెట్టుకుని కూచుని నాలుగు వరుసలు నేసి చూసింది. సోమవారం ఎవరు వచ్చినా పడుగు మగ్గం మీదే ఉంటుంది. నాకు అంత స్థిమితంగా అనిపించి చాలా కాలమైంది.

రైలు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. డబ్బాలో చిక్కుడుకాయ కూర, మరో డబ్బాలో సర్వపిండి ఉన్నాయి. రైల్లో భోజనం కొనే అవసరం రాలేదు. సోమవారం సాయంత్రం ఢిల్లీలో దిగి, క్యాబులో గురుగ్రామ్ ఫ్లాటుకు వెళ్ళి, ఖాళీ గదిలో నేలమీద దుప్పటి పరుచుకుని పడుకున్నాను. పెట్టెలు నాలుగో రోజున వచ్చాయి. మొదటిది తెరవగానే తుమ్ము వచ్చింది. పుస్తకాలకు, చలికోట్లకు, అన్నిటికీ మిర్చి వాసనే. కొత్త ఆఫీసులో మొదటి వారం నన్ను జలుబు మనిషిగానే గుర్తుపెట్టుకున్నారు.

చేరి రెండు నెలలవుతోంది. ఇది నాకు సరైన చోటో కాదో ఇంకా తెలియదు. ఇష్టపడే రోజులున్నాయి, అన్న అడిగిన ప్రశ్న గుర్తొచ్చి పని ఆపి కూచునే రోజులున్నాయి. నా మంచం అన్నావదినల గదిలో ఉంది, బీరువా తలుపు సగమే తెరుచుకుంటోందని అన్న ఫిర్యాదు. "తెలియదు" వరుసలోవన్నీ అటక మీద ఉన్నాయట, ఎవరూ కదిలించలేదట. పోయిన వారం వదిన దగ్గర నుంచి చిన్న పార్సిల్ వచ్చింది. జానెడు గుడ్డ ముక్క, సగం తెలుపు, సగం నీలం అంచు, మధ్యలో అడ్డంగా ముడుల వరస. అతుకు పడ్డ ఆ భాగాన్ని అమ్మరు, కోసి పారేస్తారు. వదిన పారెయ్యలేదు. ఎడమ చివర ముడులు లావుగా, వంకరగా ఉన్నాయి, అవి నావి. ఇల్లు మారడం గురించి నాకు తెలిసింది ఏమైనా ఉంటే అది ఆ ముక్కలోనే ఉంది, మాటల్లో చెప్పమంటే మళ్ళీ తికమక పడతాను.

మీరూ దేశానికి ఈ కొస నుంచి ఆ కొసకు మారుతుంటే ఒక్క మాట వినండి. దిగవలసిన చిరునామాను పాత ఫారం నుంచి తీసుకోకండి, కొత్తగా రాసి, పంపే ముందు ఎవరికైనా పైకి చదివి వినిపించండి. నేను ఇప్పుడు ఏ ఫారం నింపినా వదినకు ఫోన్ చేసి చదువుతాను. ఆమె పిన్‌కోడ్ దాకా ఓపిగ్గా వింటుంది. "గా ఫారంల మన ఇల్లు లేదు గదా?" అని అడుగుతుంది. లేదంటాను. కాసేపు ఆగి, "సరే, పంపు" అంటుంది.